గొంతు ఒక చోట, మనిషి ఇంకో చోట: లారీ ఆండర్సన్ గురించి

అందరికీ నమస్కారం. ఈ హాల్లో పాఠాలు చెప్పేవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు కాబట్టి ఒక పంతులమ్మ సంగతితో మొదలుపెడతాను. 1970ల మొదట్లో న్యూయార్క్‌లో ఒక పాతికేళ్ల అమ్మాయి కాలేజీలో కళాచరిత్ర చెప్పేది. ఈజిప్టు కట్టడాలు, అసీరియా శిల్పాలు, అలాంటివి. లైట్లు ఆర్పేసి, స్లైడ్లు వేసి చెప్పే క్లాసు. తెర మీద స్లైడ్ పడేది. దాని గురించి ఏం చెప్పాలో ఒక్కోసారి ఆమెకు ఎంతకీ గుర్తొచ్చేది కాదు. అప్పుడు అక్కడికక్కడే ఏదో ఒక కథ అల్లి చెప్పేసేది. పిల్లలు బుద్ధిగా నోట్సు రాసుకునేవారు. ఈ సంగతి ఎవరో పెట్టిన పుకారు కాదు, తనే నవ్వుతూ చాలాచోట్ల చెప్పుకుంది. చీకటి గది, తెర మీద బొమ్మ, పక్కన నిలబడి కథ చెప్పే గొంతు. ఆ తర్వాత యాభై ఏళ్లు ఆమె స్టేజీ మీద చేసింది దాదాపు ఇదే.

ఆమె పేరు లారీ ఆండర్సన్. 1947లో పుట్టి, షికాగో పక్కన గ్లెన్ ఎల్లిన్ అనే ఊళ్లో పెరిగింది. చిన్నప్పుడే వయొలిన్ పట్టుకుంది, షికాగో యూత్ సింఫనీలో వాయించింది, పదహారేళ్లకు మానేసింది. తర్వాత న్యూయార్క్ వచ్చి బార్నార్డ్ కాలేజీలో కళాచరిత్ర చదివి, 1972లో కొలంబియా యూనివర్సిటీ నుంచి శిల్పంలో ఎంఎఫ్ఏ, అంటే కళల్లో మాస్టర్స్ డిగ్రీ, తెచ్చుకుంది. ఈ శిల్పం సంగతి చాలామంది వదిలేస్తారు. ఆమెను పాప్ సింగర్ అంటారు, పెర్ఫార్మెన్స్ ఆర్టిస్ట్ అంటారు, టెక్నాలజీ పిచ్చి ఉన్న మనిషి అంటారు. నా లెక్కలో ఆమె శిల్పి. కాకపోతే ఆమె చేతిలో ఉన్నది రాయి కాదు, మనిషి గొంతు. గొంతును మనిషి నుంచి విడదీయడం, అది ఉండకూడని చోట దాన్ని పెట్టడం, ఏం జరుగుతుందో చూడటం. ఈ సాయంత్రం నేను చెప్పేదంతా ఆ ఒక్క పని చుట్టూనే తిరుగుతుంది.

కాన్సెప్చువల్ ఆర్ట్ అంటే మన దగ్గర ఇంకా కొంచెం బెరుకుంది. "బొమ్మ ఏదీ?" అని అడుగుతారు. అడగడంలో తప్పేం లేదు. అప్పట్లో అక్కడా అడిగేవారు. 1970ల్లో న్యూయార్క్ సోహో ప్రాంతంలో ఫ్యాక్టరీలు మూతపడి, పెద్ద పెద్ద గోడౌన్లు తక్కువ అద్దెకు దొరికేవి. ఫిలిప్ గ్లాస్ పగలు ప్లంబింగ్ పని చేసి, రాత్రిళ్లు సంగీతం రాసుకునేవాడు. గోర్డన్ మట్టా-క్లార్క్ పాత ఇంటిని రంపంతో నిలువునా రెండు ముక్కలు కోసి, అదే నా శిల్పం అన్నాడు. వీళ్లందరికీ ఆలోచన ముందు, వస్తువు తర్వాత. లారీ వీళ్ల మధ్యే తిరిగింది. 1972లో వెర్మాంట్‌లో ఒక చిన్న ఊళ్లో కార్ల హారన్లతో కచేరీ చేయించింది. కోర్టు హాల్లోనూ, సముద్రపు ఒడ్డునా పడుకుని నిద్రపోయి, పడుకున్న చోటును బట్టి కలలు మారతాయా అని చూసింది. ఇవి నాకు అంత గొప్పగా అనిపించవు. ఆ కాలపు ఆర్టిస్టులు ఎవరైనా చేయగలిగినవే.

ఆమె ఆమెలా కనిపించడం మొదలైంది 1974, 75ల్లో చేసిన "డ్యుయెట్స్ ఆన్ ఐస్"తో. దీని దగ్గర కాసేపు ఆగుదాం.

ఆమె వయొలిన్ లోపల ఒక చిన్న స్పీకర్ పెట్టింది. ముందే రికార్డు చేసిన వయొలిన్ సంగీతం అందులోంచి వస్తుంటుంది. దానికి జోడీగా ఆమె అదే వాయిద్యం మీద వాయిస్తుంది. అంటే తనతో తనే జుగల్బందీ. కాళ్లకు ఐస్ స్కేటింగ్ బూట్లు వేసుకుంది, వాటి బ్లేడ్లు రెండు ఐసు దిమ్మల్లో గడ్డకట్టి ఉన్నాయి. వీధి మూల మీద, ఆ దిమ్మల మీద నిలబడి వాయించడం. లోపలి టేపు లూపు, దానికి అంతం లేదు. మరి కచేరీ ఎప్పుడు ఆపాలి? ఐసు కరిగి, బ్లేడ్లు బయటపడి, ఆమెకు నిలదొక్కుకోవడం కష్టమైనప్పుడు. ఎండ ఎక్కువుంటే కచేరీ చిన్నది, చలి ఎక్కువుంటే పెద్దది. "ఎక్కడ ఆపాలి" అనేది సంగీతకారులందరికీ ఉండే చిక్కే. ఆ చిక్కును వాతావరణానికి అప్పగించేసింది చూడండి, అక్కడుంది కాన్సెప్చువల్ ఆర్ట్.

ఇదే కచేరీ ఇటలీలోని జెనోవాలో చేసినప్పుడు, చుట్టూ మూగిన జనానికి వచ్చీరాని ఇటాలియన్‌లో ఆమె ఒక కథ చెప్పింది. ఈ పాటలు మా నాయనమ్మ జ్ఞాపకంగా వాయిస్తున్నాను, ఆమె పోయిన రోజు నేను గడ్డకట్టిన చెరువు మీదికి వెళ్తే బాతులు కనిపించాయి, వాటి కాళ్లు ఐసులో ఇరుక్కుపోయి ఉన్నాయి, అని. వింటున్న ఒకాయన పక్కవాళ్లకు వివరించాడట: "ఒకప్పుడు ఈమె, వాళ్ల నాయనమ్మ కలిసి చెరువులో గడ్డకట్టుకుపోయారు, అందుకే ఈ పాటలు వాయిస్తోంది." లారీకి ఈ అపార్థం భలే నచ్చింది. కథ ఒక నోట్లోంచి ఇంకో చెవిలో పడేసరికి వేరే కథ అయిపోయింది. తన పనికి అసలు సరుకు ఇదేనని ఆమె పట్టుకుంది.

1977లో టేప్-బో వయొలిన్ వచ్చింది. ఇక్కడ వయొలిన్ వాయించేవాళ్లు ఉంటే కొంచెం జాగ్రత్తగా వినండి. కమానుకు గుర్రపు వెంట్రుకలు ఉంటాయి కదా. వాటిని తీసేసి, ఆ స్థానంలో రికార్డు చేసిన మాగ్నెటిక్ టేపు బిగించింది. వయొలిన్ మీద బ్రిడ్జి, అంటే తీగలను ఎత్తిపట్టే చెక్క, ఉండే చోట టేప్ రికార్డర్ హెడ్ పెట్టింది. తయారీలో బాబ్ బిలెకీ అనే సౌండ్ ఇంజినీర్ సాయం ఉంది. ఇప్పుడు కమాను లాగితే వచ్చేది తీగల నాదం కాదు, టేపు మీదున్న మనిషి మాట. నెమ్మదిగా లాగితే గొంతు బొంగురుపోతుంది, వేగంగా లాగితే కీచుమంటుంది. వెనక్కి నెడితే మాట తిరగబడుతుంది. ఇంగ్లిష్‌లో "సే" అన్నది తిరగేస్తే దాదాపు "యెస్" లాగా వినిపిస్తుంది. అలాంటి మాటలు ఏరుకుని మరీ రికార్డు చేసింది.

లెక్క వేసి చూస్తే ఇంకా బాగుంటుంది. కమాను వెంట్రుకల పొడవు సుమారు 65 సెంటీమీటర్లు. టేపు మామూలుగా సెకనుకు 19 సెంటీమీటర్ల వేగంతో తిరుగుతుంది. అంటే ఒక కమాను మీద పట్టేది మూడు, మూడున్నర సెకన్ల మాట. అంతే, ఒక చిన్న వాక్యం. కానీ టేప్ రికార్డర్‌లో ఆ వాక్యాన్ని మోటారు తిప్పుతుంది, ఇక్కడ చెయ్యి తిప్పుతోంది. మోటారుకు వణుకు రాదు, సంకోచం రాదు. చేతికి వస్తుంది. రికార్డు చేసిన మాట చచ్చిన మాట అంటాం కదా, ఆ మాటకు మళ్లీ శ్వాస అందేది ఈ మణికట్టు దగ్గరే. సింథసైజర్లు బోలెడు ఖరీదులో ఉన్న రోజుల్లో మూడు జానల టేపు ముక్కతో ఈ పని చేసింది. స్టూడెంట్లు బడ్జెట్ లేదని నాతో అన్నప్పుడల్లా నేను చూపించేది ఈ కమానే.

ఆ మరుసటేడు, 1978లో, న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో ఒక చెక్క బల్ల పెట్టింది. "హ్యాండ్‌ఫోన్ టేబుల్" దాని పేరు. ఒకసారి ఎలక్ట్రిక్ టైప్‌రైటర్ ముందు కూర్చుని, రాత సాగక విసుగొచ్చి, మోచేతులు బల్ల మీద ఆనించి తల పట్టుకుంటే, మెషీన్ రొద ఎముకల్లోంచి చెవుల్లోకి గట్టిగా వినిపించిందట. అక్కడ పుట్టిన ఆలోచన ఇది. బల్ల లోపల సౌండ్ పరికరాలు దాచి, పైన మోచేతులు ఆనించడానికి గుంటలు చేసింది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, మోచేతులు ఆ గుంటల్లో పెట్టి, అరచేతులతో చెవులు మూసుకోవాలి. అప్పుడే వినిపిస్తుంది. చెవులు తెరిస్తే ఏమీ ఉండదు. గదిలో మిగతావాళ్లకు అదొక మామూలు బల్ల, తలలు పట్టుకు కూర్చున్న ఇద్దరు దిగాలు మనుషులు, అంతే. బల్ల పాడే మాట పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ కవి జార్జ్ హెర్బర్ట్‌ది: దేహం లేకుండానే నేను నీలో కదులుతున్నాను అని అర్థం వచ్చే పంక్తి. అదీ శిల్పమే. కానీ శిల్పం ఉన్నది బల్లలో కాదు, వినేవాడి ఎముకలో.

అదే 1978లో రచయిత విలియం బరోస్ గౌరవార్థం న్యూయార్క్‌లో పెద్ద సభ జరిగింది. ఆ స్టేజీ మీద ఎక్కువమంది మగ పెద్దమనుషులే. లారీ హార్మొనైజర్ అనే యంత్రం తీసుకొచ్చి, తన గొంతు శ్రుతిని కిందికి దించి, మగ గొంతుతో మాట్లాడింది. దానికి ఆమె పెట్టుకున్న పేరు "అధికారపు గొంతు". టీవీలో వార్తలు చదివేవాడు, బూట్లు అమ్మేవాడు, కంపెనీ మీటింగులో అన్నీ తనకే తెలుసన్నట్టు మాట్లాడేవాడు, వీళ్లంతా కలిసిన గొంతు. ఇదేదో ఒక రాత్రి సరదా కాదు. ఆ గొంతు దశాబ్దాల పాటు ఆమెతో ఉంది, వయసు పెరిగింది, కొంచెం దిగులు కూడా పట్టింది. చివరికి ఆమె భర్త, రాక్ గాయకుడు లూ రీడ్, దానికి ఫెన్‌వే బెర్గమాట్ అని పేరు పెట్టాడు. 2010లో వచ్చిన "హోమ్‌లాండ్" ఆల్బమ్ అట్ట మీద ఆమె మీసాలు పెట్టుకుని ఆ అవతారంలోనే ఉంటుంది.

మనకు ఇది వింతగా అనిపించకూడదు, నిజానికి. ఘంటసాల గారి గొంతు ఎన్టీఆర్ నోట్లోనూ, ఏఎన్నార్ నోట్లోనూ విని పెరిగిన జాతి మనది. కమల్‌హాసన్ తెలుగులో మాట్లాడితే బాలు గారి గొంతు వినిపించేది, మనం ఒక్కరోజు కూడా "ఇదేంటి?" అనలేదు. తేడా ఏమిటంటే మన ప్లేబ్యాక్‌లో అతుకు కనపడకూడదు. కనపడితే ఫెయిల్. లారీ పని మొత్తం ఆ అతుకును చూపించడం. ఆడమనిషి పెదాలు కదులుతుంటే మగ గొంతు వస్తోంది, చూడండి, మీరు ఆ గొంతునే ఎక్కువ నమ్ముతున్నారు, గమనించారా అని అడగడం.

ఇక "ఓ సూపర్‌మ్యాన్". అసలు ఆమె పేరు విన్నవాళ్లలో చాలామంది ఈ ఒక్క పాట వల్లే విన్నారు. 1980 ఏప్రిల్‌లో, ఇరాన్‌లో బందీలైన తమ రాయబార సిబ్బందిని విడిపించడానికి అమెరికా పంపిన దళం ఎడారిలోనే కుప్పకూలింది. హెలికాప్టర్ వెళ్లి విమానానికి గుద్దుకుని ఎనిమిది మంది సైనికులు చనిపోయారు. ప్రపంచంలో అందరికంటే గొప్ప యంత్రాలున్న దేశం ఇసుక తుఫానులో యంత్రాలు చెడి ఓడిపోయింది. ఆ రోజుల్లోనే చార్లెస్ హాలండ్ అనే నల్లజాతి గాయకుడు, అప్పటికే పెద్దాయన, ఫ్రెంచ్ స్వరకర్త మాస్నే ఆపెరా పాట ఒకటి పాడగా ఆమె విన్నది. యుద్ధానికి ముందు వీరుడు దేవుణ్ని ప్రభూ, న్యాయమూర్తీ, తండ్రీ అని పిలిచే ప్రార్థన అది. లారీ దేవుణ్ని తీసేసి, ఆ స్థానంలో సూపర్‌మ్యాన్‌ను, న్యాయమూర్తిని, అమ్మానాన్నలను పెట్టింది.

పాట ఎనిమిది నిమిషాలు దాటుతుంది. కింద "హ హ హ హ" అని ఆమె గొంతే లూపుగా తిరుగుతుంటుంది, గుండె కొట్టుకున్నట్టూ ఉంటుంది, ఎవరో ఎగతాళి చేస్తున్నట్టూ ఉంటుంది. పైన రెండే రెండు కార్డ్‌లు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులు. వోకోడర్ గుండా వచ్చే మాట. వోకోడర్ అంటే మనిషి మాటలోని అక్షరాల ఆకారం తీసుకుని కీబోర్డు స్వరం మీద అచ్చు గుద్దే యంత్రం అనుకోండి. మాట మనిషిది, నాదం యంత్రానిది. కథేమిటంటే, ఒక ఆన్సరింగ్ మెషీన్. ఇక్కడి కుర్రాళ్లు చూసి ఉండరు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఫోనెత్తి మన గొంతుతో "నేను ఇంట్లో లేను, బీప్ తర్వాత చెప్పండి" అనే డబ్బా. ముందు అమ్మ ఫోన్ చేస్తుంది. తర్వాత ఎవరో తెలియని గొంతు. విమానాలు వస్తున్నాయి, సిద్ధంగా ఉండండి, అంటుంది. ఎవరు నువ్వు అంటే, లాక్కునే చెయ్యిని అంటుంది. చివరికి అమ్మ చేతులూ, దేశం చేతుల్లోని ఆయుధాలూ ఒకటైపోతాయి; ఇంగ్లిష్‌లో రెండూ "ఆర్మ్స్" అనే మాటే. పిల్ల అమ్మ ఒడి అడుగుతుంది, దొరికేది పెట్రోకెమికల్ ఒడి.

ఐదు వందల డాలర్ల ప్రభుత్వ గ్రాంటుతో ఈ రికార్డు తీసి, తను ఉండే గోడౌన్ ఇంటి నుంచే పోస్టులో అమ్ముకునేది. బీబీసీ రేడియోలో పాటలు వేసే జాన్ పీల్ దాన్ని పదే పదే వేశాడు. 1981 అక్టోబర్‌లో బ్రిటన్ చార్టుల్లో రెండో స్థానానికి వెళ్లింది. ఒక్కసారిగా బ్రిటన్ నుంచి వేల కాపీలకు ఆర్డరొచ్చింది. ఆమె ఇంట్లో ఉన్న స్టాకు చూసుకుని, ఇది నా వల్ల కాదని వార్నర్ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. 1982లో "బిగ్ సైన్స్" ఆల్బమ్ వచ్చింది. అప్పుడు గ్యాలరీ మిత్రులు కొందరు ఆమె డబ్బుకు అమ్ముడుపోయిందన్నారు. అనేవాళ్లు ఎక్కడైనా అంటారు.

ఈ పాటకు ఇంకో జీవితం ఉంది. 2001 సెప్టెంబర్ 19, 20 తేదీల్లో, ట్విన్ టవర్స్ కూలిన ఎనిమిది రోజులకే, న్యూయార్క్ టౌన్ హాల్‌లో ఆమె కచేరీ. పాట అదే, మాటలు అవే. విమానాలు వస్తున్నాయి, అవి అమెరికన్ విమానాలు. ఇరవై ఏళ్ల కిందట రాసిన పంక్తి. ఆ కచేరీ లైవ్ రికార్డు ఉంది, దొరికితే వినండి. నేను వివరించను.

మధ్యలో చాలా ఉంది, త్వరగా దాటేస్తాను. 1983లో బ్రూక్లిన్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో "యునైటెడ్ స్టేట్స్": రెండు రాత్రులు, ఎనిమిది గంటలు, ప్రయాణం, రాజకీయం, డబ్బు, ప్రేమ అని నాలుగు భాగాలు. డ్రమ్ మెషీన్ విప్పేసి దాని ముక్కలు బట్టల్లో కుట్టించుకుని, మోకాళ్లూ రొమ్మూ కొట్టుకుంటూ దరువు వేసిన డ్రమ్ సూట్. 1989 ఆల్బమ్ కోసం శ్రద్ధగా గాత్రం నేర్చుకుంది. ఆ ఆల్బమ్ అందంగా ఉంటుంది కానీ నాకు అంత పట్టదు. అతుకు కనపడదు మరి. 1995లో ఒక సీడీ-రామ్ చేసింది, ఇవాళ్టి కంప్యూటర్లలో అది తెరుచుకోదు. టెక్నాలజీ ఆర్టిస్ట్ అనే బిరుదుకు ఇదొక శాపం. టేపు కమాను ఇప్పటికీ పలుకుతుంది, ఆ సీడీ మూగబోయింది.

1998లో మిలాన్‌లో ప్రాడా ఫౌండేషన్‌లో చేసిన పని దగ్గర మళ్లీ ఆగాలి. శాన్ విత్తోరే అనే జైల్లో ఒక ఖైదీ కెమెరా ముందు కదలకుండా కూర్చున్నాడు. ఆ దృశ్యం లైవ్‌గా గ్యాలరీకి వచ్చి, మనిషంత బొమ్మ మీద పడుతుంది. బొమ్మ కనురెప్పలు కొడుతుంది, ఊపిరి తీస్తుంది. అంటే ఒళ్లు జైల్లో, ఉనికి గ్యాలరీలో.  పదిహేడేళ్ల తర్వాత, 2015 అక్టోబర్‌లో, న్యూయార్క్ పార్క్ అవెన్యూ ఆర్మరీలో ఇలాంటిదే మళ్లీ చేసింది. ఈసారి మనిషి మొహమ్మద్ ఎల్ గరానీ. పద్నాలుగేళ్ల వయసులో పట్టుబడి, క్యూబాలోని అమెరికా సైనిక జైలు గ్వాంటనామోలో ఏళ్ల తరబడి మగ్గి, జడ్జి తీర్పుతో 2009లో బయటపడ్డాడు. గ్వాంటనామోలో ఉండి వచ్చినవాళ్లను అమెరికా నేల మీద అడుగు పెట్టనివ్వరు. కాబట్టి ఆయన పశ్చిమాఫ్రికాలో ఒక గదిలో కుర్చీలో కూర్చున్నాడు. న్యూయార్క్‌లో, లింకన్ స్మారకంలోని విగ్రహాన్ని గుర్తుచేసే పెద్ద కుర్చీలో, భారీ తెల్లటి ఆకారం మీద ఆయన రూపం పడింది. మూడు రోజులు. రానివ్వని దేశంలోకి ఆయన ఇలా వచ్చాడు. జనం ఆయన ముందు నిలబడి, కెమెరాలోకి చూసి, క్షమించమని పెదవులతో చెప్పారు. 1974లో ఐసు దిమ్మల మీద ఆటగా మొదలైంది ఎక్కడిదాకా వచ్చిందో చూడండి.

నాసా సంగతి అడుగుతారని తెలుసు. 2003లో నాసా ఫోన్ చేసి, మా మొదటి ఆర్టిస్ట్-ఇన్-రెసిడెన్స్‌గా, అంటే సంస్థతో ఉండి పనిచేసే కళాకారిణిగా, ఉంటారా అని అడిగితే, ఎవరో ఆట పట్టిస్తున్నారనుకుని ఫోన్ పెట్టేసింది. నిజమేనని తెలిశాక, అంటే ఏం చేయాలని అడిగితే, మాకూ తెలీదు, మీరే చెప్పండి అన్నారట. ఆ డబ్బు మీద అమెరికా కాంగ్రెస్‌లో, అంటే అక్కడి చట్టసభలో, గొడవైంది, ఇక ఆర్టిస్టులకు నాసా డబ్బులివ్వకూడదని ఒక సభ్యుడు సవరణ పెట్టాడు. రాకెట్ బొమ్మలు వస్తాయనుకున్నవాళ్లకు ఆమె ఇచ్చింది వయొలిన్ పట్టుకుని చెప్పే కథలు. 2010లో సిడ్నీ ఆపెరా హౌస్ బయట కుక్కల కోసం కచేరీ కూడా చేసింది, మన చెవికి అందని పై స్థాయి శబ్దాలతో. శ్రోతలు మొరిగారు. అంతకంటే నిజాయితీ గల సమీక్ష ఏ విమర్శకుడూ రాయలేదని నా అభిప్రాయం.

2012లో శాండీ తుఫాను నీళ్లు ఆమె ఇంటి బేస్‌మెంట్‌లోకి వచ్చి పాత వాయిద్యాలు, ప్రొజెక్టర్లు, కాగితాలు అన్నీ పాడైపోయాయి. క్రోనోస్ క్వార్టెట్ అనే నలుగురు తీగవాద్యకారుల బృందంతో చేసిన "ల్యాండ్‌ఫాల్" అందులోంచి పుట్టింది, 2019లో దానికి గ్రామీ వచ్చింది. 2013 అక్టోబర్‌లో లూ రీడ్ పోయాడు.

ఇక్కడే నాకు ఆమెతో పేచీ. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ యూనివర్సిటీ వాళ్ల మెషీన్ లెర్నింగ్ సంస్థతో కలిసి, లూ రీడ్ రాతలన్నీ పోసి ఒక ఏఐ మోడల్ తయారు చేయించుకుంది. ఏదైనా టైప్ చేస్తే ఆయన ధోరణిలో జవాబిస్తుంది. అందులో ముప్పాతిక భాగం చెత్తేనని, కొంచెమే పనికొస్తుందని, అయినా తనకు వ్యసనమైపోయిందని తనే ఒప్పుకుంది. భర్తను పోగొట్టుకున్న మనిషిని నేను తప్పుపట్టను. మన దగ్గరా ఒక సినిమాలో బాలు గారి గొంతును ఏఐతో వాడారని ఆయన కుటుంబం లీగల్ నోటీసు పంపిన సంగతి 2024లో పేపర్లలో చదివాం. అక్కడ కుటుంబమే వద్దంది, ఇక్కడ కుటుంబమే కావాలంది, కాబట్టి గొడవ లేదు అనొచ్చు. నా పేచీ హక్కుల గురించి కాదు. మిలాన్ ఖైదీ కావాలంటే కుర్చీలోంచి లేచి వెళ్లిపోగలడు, అప్పుడు బొమ్మ ఖాళీ అవుతుంది. ఎల్ గరానీ కూడా అంతే. గొంతునో ఉనికినో ఎక్కడికి తరలించినా, అవతలి చివర వద్దనగలిగే మనిషి ఒకడు కూర్చుని ఉండేవాడు. ఆ పనుల బలం అదే. లూ రీడ్ మోడల్‌కు అవతలి చివర ఎవరూ లేరు. వద్దనడానికి కూడా ఎవరూ లేరు. అతుకులు చూపించడం యాభై ఏళ్లు నేర్పిన మనిషి ఈ ఒక్కచోట అతుకు వైపు చూడటం లేదేమోనని నాకు అనుమానం.

మీలో ఏఐతో పనిచేస్తున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారని ఇందాక నిర్వాహకులు చెప్పారు. మీరు ఒప్పుకోకపోతే ముందు మీరే మైకు తీసుకోండి.